కుందేలుకు ఇంట్లోనే చిరుతిండి: క్యారెట్ కన్నా గరికే మేలు

కొత్తగా కుందేలు పిల్లను తెచ్చుకున్న ఇంట్లో మొదటి వారం ఇంచుమించు ఒకేలా గడుస్తుంది. పంజరంతో పాటు పిల్లను అమ్మిన మనిషి ‘‘క్యారెట్, క్యాబేజీ వేయండి, చాలు’’ అని చెప్పి పంపిస్తాడు. పిల్లలు క్యారెట్ ముక్కలతో మొదలుపెట్టి బిస్కెట్ల దాకా వెళ్తారు. నానమ్మ చపాతీ ముక్క తుంచి పెడుతుంది. ఎవరో నాలుగు పల్లీలు వేస్తారు. కుందేలు అన్నీ తింటుంది, ఆత్రంగా తింటుంది. తింటోంది కదా అని ఇంకాస్త పెడతారు. మన ఇళ్లలో ప్రేమ చూపించడమంటే చాలావరకు తినిపించడమే. కుక్కలు ఈ ప్రేమను ఎలాగో తట్టుకుంటాయి. కుందేలు తట్టుకోలేదు.

సరైన తిండి, నీడపట్టు ఉంటే పెంపుడు కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఏడాదికో రెండేళ్లకో కుందేలును పోగొట్టుకున్న ఇళ్లలో మాత్రం తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘‘నిన్నటిదాకా బాగానే తిన్నది’’. ఏం తిన్నదన్నదే అసలు ప్రశ్న.

అలాగని చిరుతిండి పూర్తిగా మానేయాల్సిన పనిలేదు. స్వభావరీత్యా కుందేలు భయస్తురాలు. అడవిలో ప్రతి జంతువుకూ అది ఆహారమే కాబట్టి, ఎత్తుకుంటే చాలు, ఏదో పట్టుకుపోతోందని గింజుకుంటుంది. అలాంటి ప్రాణి మనిషిని నమ్మడం మొదలయ్యేది చేత్తో పెట్టే చిన్న ముక్కతోనే. పిలిస్తే రావడం, పంజరంలోకి తిరిగి వెళ్లడం, గోళ్లు కత్తిరిస్తుంటే కుదురుగా ఉండడం అన్నీ దానితోనే నేర్పుతారు. చిక్కల్లా ఆ ముక్క దేనితో చేసిందన్న దగ్గరే. బజారులో రంగురంగుల ప్యాకెట్లలో దొరికే వాటిలో చాలావరకు గింజలు, ఎండబెట్టిన పండ్లు, చక్కెర కలిపినవే. పెరుగు బిళ్లల పేరుతో అమ్మేవి మరీ విడ్డూరం. తల్లిపాలు మానేసిన కుందేలుకు పాల పదార్థాలతో పనేమీ ఉండదు. ఇంట్లో చేసుకుంటే ఏం వేశామో తెలుస్తుంది, ఖర్చూ తక్కువే. అయితే ముందు ఆ పొట్ట గురించి కొంత తెలియాలి.

పొట్టలో నడిచే వ్యవహారం

ఆవు మేసిన గడ్డి చిన్నపేగుకు చేరకముందే, ముందున్న పొట్టలో పులుస్తుంది. కుందేలులో ఆ పని వెనక జరుగుతుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట అంధనాళం అనే పెద్ద సంచి ఉంటుంది. పీచును విరగ్గొట్టే సూక్ష్మజీవులు కాపురం ఉండేది అందులోనే. పేగు ఇక్కడ ఒక జల్లెడ పని చేస్తుంది. ముతక పీచును ముందుకు నెట్టి గుండ్రటి, గట్టి పెంటికలుగా బయటికి పంపుతుంది. మెత్తటి రేణువులను, ద్రవాన్ని వెనక్కి మళ్లించి అంధనాళంలోకి తోస్తుంది. అక్కడ పులిసిన పదార్థం కొన్ని గంటల తర్వాత చిన్న ద్రాక్షగుత్తిలా, మెత్తగా బయటికి వస్తుంది. కుందేలు దాన్ని నేలమీద పడనివ్వకుండా నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. చూసినవాళ్లు అసహ్యించుకుంటారు కానీ, దానికి కావలసిన బి విటమిన్లు, కొంత మాంసకృత్తులు అందులోంచే వస్తాయి. ఒకే తిండిని రెండుసార్లు తినేలా అమరిన ఒళ్లు అది.

ఈ యంత్రం తిరగాలంటే పొడవాటి పీచు నిరంతరం లోపలికి పోతూ ఉండాలి. ముతక పీచులో ఎక్కువ భాగం అరగదు, కానీ పేగును కదిలించేది అదే. పిండిపదార్థం, చక్కెర ఎక్కువైతే అవి అంధనాళం దాకా చేరి అక్కడి సూక్ష్మజీవుల పొత్తును చెడగొడతాయి. గ్యాస్ పడుతుంది, పేగు కదలిక మందగిస్తుంది, నొప్పితో కుందేలు తిండి మానేస్తుంది, మానేసేసరికి పేగు ఇంకా నెమ్మదిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలికి పోయింది వెనక్కి రాదు. పశువైద్యులు పేగు స్తంభన అనే ఈ స్థితిలో చికిత్స అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. బిస్కెట్ ముక్కకు భయపడాల్సింది అందుకే.

పళ్ల సంగతీ ఇలాంటిదే. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి రెండు, మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. గడ్డిని దవడ అటూ ఇటూ తిప్పుతూ గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తటి తిండితో కడుపు నిండిన కుందేలు గడ్డి ముట్టదు. పళ్లు వంకర తిరిగి నాలుకకో, బుగ్గకో గుచ్చుకుంటాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 కుందేళ్లకు 17 నెలల పాటు నాలుగు రకాల మేత పెట్టి చూశారు. గింజలు, రేకులు కలిపిన మిశ్రమం తిన్నవాటిలో పళ్ల సమస్యలు కనిపించాయి. పక్కన ఎండుగడ్డి ఉన్నా, ఆ మిశ్రమం దొరికినప్పుడు గడ్డి తినడం తగ్గింది.

క్యారెట్ ఎక్కడి నుంచి వచ్చింది?

కుందేలు బొమ్మ వేయమంటే ఏ పిల్లవాడైనా పక్కన క్యారెట్ కూడా వేస్తాడు. ఈ జోడీకి ఇంత ప్రచారం తెచ్చింది కార్టూన్లు. 1940లో తెరమీదికి వచ్చిన బగ్స్ బన్నీ క్యారెట్ నములుతూ మాట్లాడుతుంది. అది 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ సినిమాలో క్లార్క్ గేబుల్ క్యారెట్ కొరుకుతూ గబగబా మాట్లాడే సన్నివేశానికి అనుకరణ. హాలీవుడ్ నటుడి మీద వేసిన జోకు కాస్తా కుందేలు ఆహార నియమం అయిపోయింది. నిజానికి అడవి కుందేలు దుంపలు తవ్వుకుని తినదు, గడ్డి, ఆకులు మేస్తుంది. క్యారెట్ విషమేమీ కాదు, కాకపోతే తీపి. దాన్ని మిఠాయి లెక్కన చూడాలి. దాని పైన ఉండే ఆకు మాత్రం మంచి మేత. మన కూరగాయల బజార్లలో ఆకు తుంచేసిన క్యారెట్లే ఎక్కువ కాబట్టి, ఆకుతో సహా వచ్చే ముల్లంగి ఆ లోటు తీరుస్తుంది. దుంప సాంబారులోకి, ఆకు కుందేలుకు.

మన పొలాల గట్ల మీద కనిపించే చెవులపిల్లి, ఇంట్లో పెరిగే కుందేలు ఒకటి కావని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెంపుడు జాతులన్నీ ఐరోపా కుందేలు సంతతి. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. చెవులపిల్లి భారత దేశపు వన్యప్రాణి. 1972 నాటి చట్టం కింద దానికి రక్షణ ఉంది. పట్టుకొచ్చి పెంచకూడదు.

పత్రిలో గరిక, దాని పక్కనే గన్నేరు

విదేశీ పుస్తకాలన్నీ కుందేలుకు తిమోతి గడ్డి పెట్టమంటాయి. అది చల్లటి ప్రాంతాల గడ్డి. ఇక్కడికి దిగుమతి అయ్యేసరికి ధర చుక్కలనంటుతుంది. అదొక్కటే గడ్డి అనుకోనక్కర్లేదు. అమెరికాలో బెర్ముడా గడ్డి పేరుతో ఎండబెట్టి మోపులుగా అమ్మేది మన గరికనే. ఓట్ల గడ్డి, రోడ్స్ గడ్డి కూడా పనికొస్తాయి. వరిగడ్డి చవకే కానీ సారం తక్కువ, దాన్ని పక్కగా పరవడానికి వాడుకోవడం మేలు. లూసర్న్‌లో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. పెరిగే పిల్లలకు సరే, పెద్ద కుందేలుకు రోజూ వద్దు.

వినాయక చవితి వచ్చిందంటే గరిక కట్టలు వీధి చివరే దొరుకుతాయి. పూజ అయ్యాక ఆ పత్రిని కుందేలు ముందు వేసే ఇళ్లు కూడా ఉంటాయి. ఇక్కడ ఆగి చూడాలి. 21 పత్రాల్లో గరిక, తులసి ఉన్నట్టే గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కూడా ఉంటాయి. గన్నేరులో గుండె లయను దెబ్బతీసే విషం ఉంది. కొద్ది ఆకులకే పశువులు చనిపోతాయి. జిల్లేడు పాలలోనూ అలాంటి విషాలే. ఉమ్మెత్త విషయం కాస్త చిత్రంగా ఉంటుంది. కొన్ని కుందేళ్ల ఒంట్లో అట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మన ఇంట్లోది ఏ రకమో చూసి చెప్పలేం కాబట్టి ఆ ప్రయోగం చేయకూడదు. పత్రిలోంచి గరికను మాత్రం విడిగా ఏరి, రెండు నీళ్లలో కడిగి వాడుకోవచ్చు. కుండీల్లో పెరిగే బిళ్లగన్నేరు, మనీప్లాంటు, ఖాళీ స్థలాల్లో మొలిచే వయ్యారిభామ కూడా దూరం ఉంచాల్సినవే. ఊళ్లలో మేకలకు వేసే సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంటుంది. అది ఎక్కువగా తిన్న కుందేలుకు వెంట్రుకలు రాలిపోతాయి.

ఆకుకూరల్లో మనకు కొంత ఇబ్బంది ఉంది. తెలుగు వంటింట్లోకి తరచుగా వచ్చే పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర అన్నింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ. ఎప్పుడో ఒకటి రెండు ఆకులు తప్ప వీటిని రోజువారీ మేతగా పెట్టకూడదు. మునగాకు బలమైనదే, కానీ అందులో కాల్షియం దండిగా ఉంటుంది. మనుషుల్లో పేగు తనకు కావలసినంత కాల్షియమే పీల్చుకుంటుంది. కుందేలు పేగు మాత్రం ఎంత తింటే అంత పీల్చుకుని, మిగులును మూత్రంలోకి వదులుతుంది. సున్నంలా తెల్లగా, చిక్కగా మూత్రం పడుతుంటే తిండిలో కాల్షియం మించిందేమో చూడాలి. మూత్రాశయంలో రాళ్లు పడేది కూడా దీనివల్లే. నిశ్చింతగా పెట్టగలిగినవి కొత్తిమీర, పుదీనా, తులసి, మందార ఆకులు, పూలు. మల్బరీ ఆకు దొరికితే ఇంకా మంచిది. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచే రైతులున్నచోట అది కొరత కాదు. పురుగుమందు అవశేషం ఉంటే పట్టుపురుగే బతకదు కాబట్టి, ఆ తోటల ఆకు బజారు ఆకుకూర కన్నా నమ్మదగినది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు, అవకాడో, చాక్లెట్ ఏ రూపంలోనూ పనికిరావు.

వడియాల పద్ధతిలో

ఇంటర్నెట్‌లో కనిపించే కుందేలు కుకీల తయారీ విధానాల్లో చాలావాటిలో గోధుమపిండి, తేనె, క్యారెట్ రసం ఉంటాయి. ఫొటోలో బాగుంటాయి. ఎవరికోసం చేసినవో అర్థం కాదు. పిండి లేకుండా కూడా ముక్క కట్టవచ్చు. దానికి అరటిపండులోని జిగురు చాలు.

రెండు గుప్పిళ్ల ఎండు గరికను కత్తెరతో అంగుళంలో సగం ఉండేలా కత్తిరించాలి. కుందేలు రోజూ తినే పెల్లెట్లు గుప్పెడు తీసుకుని మిక్సీలో పొడి చేయాలి. రోజూ తినేవే అయితే పొట్టకు కొత్త పదార్థం ఉండదు. బాగా మాగిన అరటిపండులో పావు వంతు మెదిపి, గుప్పెడు సన్నగా తరిగిన కొత్తిమీర చేర్చి, అన్నీ చేత్తో కలపాలి. పొడిపొడిగా ఉంటే చెంచాడు నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. ముద్ద చేతికి అంటుకోకుండా, చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. చక్కెర, బెల్లం, తేనె, ఉప్పు, నూనె ఏవీ వద్దు. రుచి చాలదేమోనన్న అనుమానం మనిషిది. కుందేలుకు అరటిపండు వాసనే ఎక్కువ.

ఈ ముద్దను పలచగా తట్టి, బొటనవేలి గోరంత ముక్కలుగా కోస్తే ముప్పై, నలభై దాకా వస్తాయి. ఓవెన్ ఉన్నవాళ్లు 130 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆర్పేశాక అందులోనే చల్లారనివ్వవచ్చు. లేనివాళ్లకు మన వడియాల పద్ధతే ఉంది. శుభ్రమైన నూలుగుడ్డ మీద పరిచి, పైన పలచటి బట్ట కప్పి, మండుటెండలో రెండు రోజులు, మధ్యలో ఒకసారి తిప్పి పెడితే సరి. విరిస్తే టక్కున విరగాలి. వంగిందంటే లోపల తడి ఉన్నట్టే. ఆ తడితో డబ్బాలో పెడితే బూజు పడుతుంది. బూజు విషాలకు కుందేలు కాలేయం తట్టుకోలేదు. పూర్తిగా ఆరినవి గాలి చొరబడని స్టీలు డబ్బాలో రెండు వారాలు ఉంటాయి. వానాకాలంలో ఎండ మీద ఆధారపడకుండా కొద్దికొద్దిగా ఓవెన్‌లో చేసుకోవడమో, ఆ నాలుగు నెలలు మానేయడమో మంచిది.

అరటిపండు బదులు బొప్పాయి, గింజలు తీసిన ఆపిల్ తురుము వాడవచ్చు. ఆపిల్ గింజల్లో సయనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది, ఒక్కటి కూడా పడకూడదు.

ఇంతకన్నా తేలికైనది, నిజానికి ఇంతకన్నా మంచిది, పండే లేని చిరుతిండి. పుదీనా, కొత్తిమీర, తులసి రెమ్మలను నీడలో ఆరబెట్టి, నాలుగు గరిక పోచలతో చిన్న కట్టలు కట్టి పంజరం ఊచలకు వేలాడదీస్తే కుందేలు ఒక్కో ఆకూ లాక్కుని తింటుంది. టిష్యూ పేపర్ చుట్ట అయిపోయాక మిగిలే అట్టగొట్టంలో ఎండుగడ్డి కూరి, మధ్యలో రెండు మందార రేకులు దాస్తే వాటి కోసం అరగంట కుస్తీ పడుతుంది. ఇది తిండీ, ఆటా కూడా. రోజంతా పంజరంలో ఉండే జంతువుకు కడుపు నిండడం ఒక్కటే సరిపోదు, పని కూడా ఉండాలి. బజారు గులాబీ రేకులు మాత్రం వద్దు, వాటి మీద మందులు ఎక్కువ కొడతారు.

ఎంత, ఎప్పుడు?

కుందేలు తిండిలో ఎనభై శాతానికి పైగా గడ్డే ఉండాలి. రోజుకు దాని ఒంటి సైజంత గడ్డి మోపు వేయాలి. పెల్లెట్లు కిలో బరువుకు 25 గ్రాములు దాటకూడదు. పండు ఏ రూపంలో అయినా కిలో బరువుకు రోజుకు ఒక టీ చెంచా కన్నా మించకూడదు, అది కూడా వారానికి రెండు మూడు రోజులే. పైన చెప్పిన ముక్కలైతే రెండు కిలోల కుందేలుకు రోజుకు ఒకటి, మహా అయితే రెండు. మూడు నెలలు నిండని పిల్లలకు ఇవేవీ వద్దు. ఆ వయసులో పేగులోని సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడి ఉండవు.

కొత్త ఆకు ఏదైనా ఒక్కొక్కటిగా, చిటికెడు పెట్టి ఒకరోజు ఆగి చూడాలి. తోక కింద మెత్తటి పేడ అంటుకుని కనిపిస్తే చాలామంది విరేచనాలనుకుంటారు. తరచుగా అది కుందేలు తిరిగి తినకుండా వదిలేసిన ద్రాక్షగుత్తి పేడే. తీపి, పెల్లెట్లు ఎక్కువైనప్పుడు కుందేలు దాన్ని వదిలేస్తుంది. చిరుతిండి ఆపి గడ్డి పెంచితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. అసలు పెంటికలే నీళ్లలా పడితే మాత్రం అది వేరే సంగతి, ఆలస్యం చేయకూడదు. గినీ పందిని, కుందేలును కలిపి పెంచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కుందేలు విటమిన్ సి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది, గినీ పంది చేసుకోలేదు. ఒకదాని మేత రెండోదానికి సరిపోదు.

ఎండాకాలం లెక్కలు మారతాయి. కుందేలుకు చెమట పట్టదు. వేడిని చెవుల గుండానే ఎక్కువగా వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటితేనే అల్లాడే జంతువును మనం మే నెలలో 42 డిగ్రీల్లో పెంచుతున్నాం. ఆ వేడికి అది తిండి తగ్గిస్తుంది, తిండి తగ్గితే పేగు మందగిస్తుంది. ఈ రోజుల్లో ఎండిన ముక్కల కన్నా కడిగి నీళ్లు కారుతుండగానే పెట్టే కొత్తిమీర కట్ట, పలచటి కీరా చక్రం, పుచ్చకాయ తొక్క దగ్గరి తెల్లటి భాగం నయం. నీళ్లు గడ్డకట్టించిన సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది.

ముక్క వద్దన్న రోజు

ఇంట్లో చేసిన చిరుతిండికి ఇంకో ప్రయోజనం ఉంది. వేటాడే జంతువులకు అలుసు కాకుండా కుందేలు తన జబ్బును దాచుకుంటుంది. మూలుగు ఉండదు, అరుపు ఉండదు. రోజూ డబ్బా మూత చప్పుడుకే పరిగెత్తుకొచ్చేది, ఒక ఉదయం ముక్క ముందు పెట్టినా మొహం తిప్పుకుందంటే అదే మొదటి ఫిర్యాదు. గడ్డి తిన్నదో లేదో మోపులో తెలియకపోవచ్చు, చేతిలోని ముక్క వద్దంటే వెంటనే తెలుస్తుంది. అప్పుడు పంజరం కింద చూడాలి. పెంటికలు లేకపోయినా, చిన్నవిగా ఉన్నా, వెంట్రుకతో గొలుసుకట్టుగా వచ్చినా పేగు మందగించిందని లెక్క. పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు.

కుందేళ్ల వైద్యం తెలిసిన పశువైద్యులు అన్ని ఊళ్లలో ఉండరు. కుందేలు బాగున్న రోజుల్లోనే అలాంటివారు ఎక్కడున్నారో కనుక్కుని ఫోన్ నంబరు రాసిపెట్టుకోవాలి. ఈలోగా ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్‌తో సొంత వైద్యం చేస్తే జబ్బు కన్నా మందే ముందు చంపుతుంది. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులను కుందేలుకు నోటి ద్వారా ఇస్తే అంధనాళంలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణాంతకమైనవి పెచ్చరిల్లుతాయి. వైద్యుడి దగ్గరికి బయల్దేరేటప్పుడు చివరిగా వేసిన పెంటికలు కాగితంలో కట్టుకుని, ముందు రోజు ఏమేం పెట్టారో ఒక చీటీ మీద రాసుకుని వెళ్లాలి. ఆ చీటీలో నానమ్మ పెట్టిన చపాతీ ముక్క కూడా ఉండాలి.